సాపు గీత

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే అక్షరాలు రావు కనుక అని చెప్పుకోవచ్చు. అది సగం నిజం. యాభై దాటేదాకా నా పేరు నేను రాసుకోలేదు. బస్సు నంబరు కూడా పక్కవాళ్లను అడిగి ఎక్కినదాన్ని. మా హౌస్‌కీపింగ్ ఆడవాళ్లం అన్నం తినే చోట, కింద పార్కింగులో జనరేటర్ పక్కన, ఆఫీసులో పనిచేసే శిరీష అనే అమ్మాయి శుక్రవారం శుక్రవారం పలకలు తెచ్చి మాకు అక్షరాలు నేర్పింది. అవి వచ్చి మూడేళ్లయింది. మా పాలమూరు పల్లె గురించి, బండలు కొట్టి కొట్టి మధ్యలోనే పోయిన మా ఆయన నర్సింహ గురించి నోట్‌బుక్కులు నింపాను. ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి పెన్నుకు మూత పెట్టేదాన్ని. బీరువా కింద ఎలుక చచ్చిందని వాసనే చెబుతుంది, అయినా జరిపి చూడాలంటే రోత. అట్లా ఉండేది. ఆ పని చేయించినవాళ్ల మీద ఎంత రోతో నా మీదా అంతే కనుక చెయ్యి కదిలేది కాదు.

మొన్న కాంట్రాక్టరు నన్ను గచ్చిబౌలిలో ఒక కొత్త ఆఫీసుకు మార్చాడు. నాలుగో అంతస్తులో వాళ్ల క్యాంటీన్. అక్కడొక పడవ ఉంది. పూర్తి పడవ కాదు, నిలువునా కోసి, కోసిన వైపు గోడకు ఆనించిన సగం పడవ. దాని కడుపులో ఐసు పోసి, ఐసు మీద కీరదోసకాయ ముక్కలు, మొలకెత్తిన పెసలు, పేరు తెలియని ఆకులు పెడతారు. తినగా మిగిలినవి, నాకిన చెంచాలు, మూతి తుడిచిన కాగితాలు కూడా అందులోనే పడేస్తారు. మధ్యాహ్నం మూడింటికి చేతులకు తొడుగులు వేసుకుని ఆ మురుగంతా తోడింది నేనే. తోడిన తరువాత తొడుగులు తీసి బయటివైపు తుడుస్తుంటే, పడవ ముక్కు దగ్గర ఒక వంపు మీద నా చెయ్యి ఆగింది. కళ్లకంటే ముందు వేళ్లు గుర్తుపట్టాయి. ముక్కు నుంచి కిందికి దిగి, జానెడు దూరం తిన్నగా పోయినట్టే పోయి, మెల్లగా లోపలికి తిరిగే గీత అది. ఆ గీతను నేను ఐదు నెలలు ముగ్గుపిండితో దిద్దాను. పక్కన గోడకు ఇత్తడి ఫలకం ఉంది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు, కింద తెలుగులో రెండు. చెరువులో తేలిన తొలి తెరచాప పడవ అని ఒకటి, రూపకర్త అని ఒకటి, ఆ పక్కన ఒక పేరు. కూడబలుక్కుని చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలను దాని కోసం వాడలేను. అక్కడ ఉండవలసిన పేరు వీరభద్రం.

వీరభద్రం గారిది కాకినాడ దగ్గర ఉప్పుటేరు ఒడ్డున ఒక ఊరు. తండ్రి, తాత కాగితం ముక్క లేకుండా కంటి కొలతతో సరుకు పడవలు కట్టినవాళ్లు. ఈయన చదువుకుని విశాఖపట్నంలో ఓడలు కట్టే చోట నమూనాలు గీసే ఉద్యోగంలో చేరి అక్కడే ముసలివారయ్యారు. ఏం గీసేటోళ్లు సారూ అని అడిగితే, ఓడల్లో పాయిఖానాల గొట్టాలు అనేవారు. ఓడ మొత్తం గీసే పని ఎప్పుడూ పైవాళ్లదే. ఇంటికి వచ్చాక మాత్రం సొంతానికి యాట్లు గీసుకునేవారు. యాట్ అంటే సరుకు మొయ్యదు, చేపలు పట్టదు, గాలికి తెరచాప ఎత్తి ఊరికే తిరగడానికి కట్టే పడవ అని ఆయనే చెప్పారు. ఊరికే తిరగడానికి పడవేమిటని నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఒక ఇనపపెట్టె నిండా ఆ కాగితం చుట్టలే. విదేశాల పత్రికలకు పంపితే జవాబు రాలేదు. ఒక డాక్టరు ముచ్చటపడి ఒకటి కట్టించుకుంటే తుఫాను దాన్ని రేవు గోడకేసి కొట్టింది. ఉద్యోగం అయిపోయి, భార్య పోయి, ఇక పెట్టెకు తాళం వేసుకుందామనుకుంటున్నప్పుడు, ఆ డాక్టరు మాట సాయంతో హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. మాదాపూర్ దగ్గర చెరువు పక్కన క్లబ్బు కడుతున్న ఒక పెద్దమనిషికి, అందరూ ఛైర్మన్ సారు అనేవాళ్లు, కొత్తగా వస్తున్న కంప్యూటర్ కంపెనీల విదేశీ అతిథులకు చూపించడానికి తెరచాప పడవలు కావలసివచ్చాయి. జీవితమంతా గీసినవాటిలో ఒకటి నీళ్ల మీద నిలబడుతుందని వీరభద్రం గారు పెట్టె నెత్తిన పెట్టుకుని రైలెక్కారు.

అప్పుడు హైటెక్ సిటీ ఇంకా సగం గుట్టలే. గుండ్రటి బిల్డింగు లేస్తోంది. పొద్దున, సాయంత్రం బండలు పేల్చేవాళ్లు. సైరన్ మోగితే గిన్నెల మీద మూతలు పెట్టుకునేవాళ్లం. నర్సింహ ఆ పనిలోనే ఉండేవాడు. నేనూ కొన్నాళ్లు తట్టలు మోసి, కడుపు పోయాక మొయ్యలేక, ఇళ్ల పనికి తిరిగాను. వీరభద్రం గారిని దించిన చోటు ఇల్లు కాదు, మూతబడ్డ కోళ్ల షెడ్డు. పొడవాటి సిమెంటు నేల కావాలని ఆయనే కోరారట. ఎన్నిసార్లు కడిగినా కోడిపెంట వాసన సిమెంటులోంచి పైకి లేచేది, వాన పడితే మరీ. జాలీలకు అంటుకుని ఈకలు ఉండేవి. చివరి గదిలో ఆయన మంచం, స్టవ్వు. వండేది, ఊడ్చేది నేను. పొద్దున వెళ్లేసరికి లుంగీ, బనియను, కాళ్లకు తెల్లటి మేజోళ్లు వేసుకుని పెన్సిలు చెక్కుతూ కూర్చుని ఉండేవారు. గడ్డం గీసుకున్న పాత బ్లేడుతో చెక్కి ఆ పొట్టును సీసాలో దాచేవారు, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. లుంగీ మీద మేజోళ్లు చూసి నాకు మొదటి రోజంతా నవ్వు ఆగలేదు. నేల మీద పడవ గీస్తున్నప్పుడు చెప్పులతో నడిస్తే గీత చెరుగుతుంది, వట్టి కాళ్లతో నడిస్తే చెమట అంటుతుంది, అందుకని. కాగితం మీది చిన్న పడవను ఆయన నేల మీద అసలు కొలతలో గీయాలి. ఆ గీత మీద పెట్టి చూసుకుని వడ్రంగులు చెక్క కోస్తారు. వాళ్లు ఆయన ఊరివాళ్లే, ఇద్దరు. వాళ్ల కోసం ఆయనే వారానికి రెండుసార్లు ఎండు నెత్తళ్ల చేపలు వేయించేవారు. ఆ షెడ్డులో నేను ముక్కు మూసుకోని వాసన అదొక్కటే.

నేను చేరిన వారంలోనే ఒక పని చేశాను. ఆయన మూడు రోజులు మోకాళ్ల మీద పాకి, పొడవాటి టేకు బద్దను మేకుల మధ్య వంచి, దాని వెంట సుద్దముక్కతో గీత తర్వాత గీత గీశారు. నాలుగో రోజు మార్కెట్టుకు పోతూ, కిటికీ వైపు గీత కాస్త సాపు చెయ్యాలమ్మా అన్నారు. తనలో తాను అనుకున్నారు పాపం. నేను నాకు చెప్పిన పని అనుకున్నాను. మా వైపు సాఫ్ చెయ్యడం అంటే కడగడం, తుడవడం. వాళ్ల వైపు సాపు చెయ్యడం అంటే వంకరలు, ఉబ్బులు తీసి గీతను నున్నగా తీర్చడం. ఆయన కూరగాయల సంచితో తిరిగివచ్చేసరికి నేను తడి గోనెతో కిటికీ వైపే కాదు, గడప దాకా మొత్తం తుడిచేసి, మెచ్చుకుంటారని నిలబడి ఉన్నాను. ఆయన సంచి దించలేదు. చాలాసేపు నేలను చూశారు. తరువాత వచ్చిన నవ్వుకు ఉల్లిపాయలు సంచిలోంచి దొర్లిపోయాయి. సాపు చెయ్యమంటే సాఫు చేశావా తల్లీ అని, మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నారు. వడ్రంగులకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో. ఎక్కడ నీళ్ల బకెట్టు కనిపించినా, బాలమణి వస్తోంది, పడవ దాచుకోండర్రా అనేవాళ్లు.

బండల దుమ్ముకు, వడ్రంగుల రాకపోకలకు సుద్దగీతలు రెండు రోజులకే మసకబారేవి. ఒకనాడు నేను అడగకుండానే ముగ్గుపిండి తెచ్చి, ఒక గీత మీద వేళ్ల సందునుంచి సన్నగా వదిలాను. చిన్నప్పటినుంచి చేసిన పని. ఆయన పక్కనే కూర్చుని, ఎక్కడా లావు సన్నం కాకుండా ఎట్లా వదులుతున్నావమ్మా అని అడిగారు. ఆ రోజునుంచి గీతలు దిద్దడం నా పని. ఆయన చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, గీత వెంట చూసేవారు. నాకూ అట్లా చూడడం వచ్చింది. ఈడ ఉబ్బింది సారూ అంటే బద్ద పెట్టి చూసేవారు. గింజంత ఉబ్బు ఉండేది. గీత వచ్చిన చేతికి అక్షరాలెంత సేపు, నేర్పనా అన్నారు. గిన్నెలు ఎవరు తోముతారని నవ్వేశాను. నేలకు ఒక మూల, గీతలన్నీ అయిపోయిన చోట, తీగలాంటిది ఒకటి ఉండేది. నాలుగు మెలికలు, చివరి మెలిక కింద ఒక వంకీ, ఆ పక్కన గుండ్రటి కాయ. దాన్నీ దిద్దేదాన్ని. గీ తీగె ఏంది సారూ అంటే, అదా, అది నేనేనమ్మా అన్నారు. హాస్యమనుకున్నాను గాని, మాట మరిచిపోలేదు.

పడవ తయారైంది. చెక్క మీద గాజు పీచుతో నేసిన గుడ్డ పరిచి జిగురు పూసిన నెల రోజులు నాకు అన్నం సహించలేదు. ఆ జిగురు వాసన ముక్కులోంచి గొంతులోకి దిగి ముద్దను అంటుకునేది. చెరువులో దించిన రోజు విదేశీయులు వచ్చారు, బొకేలు, కూల్‌డ్రింకులు వచ్చాయి. సగం కొరికిన కోడికాళ్లను అతిథులు చెరువులోకి విసురుతుంటే, ఒడ్డున విస్తళ్లు ఎత్తడానికి మమ్మల్ని నిలబెట్టారు. తెరచాప గాలికి నిండి పడవ ఒక పక్కకు ఒరిగి కదిలినప్పుడు వీరభద్రం గారు చేతులు రెండూ వెనక్కు కట్టుకున్నారు, బడిలో పిల్లవాడిలా. షెడ్డుకు తిరిగివచ్చి మంచం మీద కూర్చున్నారు. పడవ మంచిగ పోయింది గద సారూ అన్నాను.

“పోయిందమ్మా. ఛైర్మన్ తనే గీశానని చెప్పాడు వాళ్లకి. పక్కనే నిలబడున్నాను నేను.”

ఆయన అడిగింది ఒకటే, పడవకు ఒక మూల చిన్న ఫలకం మీద తన పేరు. పదిసార్లు క్లబ్బుకు తిరిగారు. ఆ పడవ కాగితాలన్నీ నకలు తీస్తామని క్లబ్బువాళ్లు ముందే పట్టుకుపోయారు, తిరిగి ఇవ్వలేదు. వడ్రంగులు ఊరికి వెళ్లిపోయారు. ఇక మిగిలింది నేల. రెండో పడవ కట్టిస్తామన్న మాట నమ్మి ఆయన గీతలు అట్లాగే ఉంచారు, నేను దిద్దుతూనే ఉన్నాను. ఆ నేలను ఫోటో తీయించి, విశాఖపట్నంలో ఓడల ఇంజనీర్లకు పంపి, అది తన గీతేనని వాళ్లచేత రాయిస్తానన్నారు.

ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు క్లబ్బు మేనేజరు వచ్చాడు. బూట్లతోనే లోపలికి వచ్చి, పడవ నడుం మీద నిలబడి, పాన్ నములుతూ చుట్టూ చూశాడు. గీ గీతలు గీసింది ఎవరని అడిగాడు. మా ఊళ్లో ముగ్గును ఎవరు దిద్దితే వాళ్లదే ముగ్గు. పైగా ఐదు నెలల గర్వం నా నోట్లోనే ఉంది.

“నేనే గీసిన.”

వాడి ముఖం వెలిగింది. సంచిలోంచి కాగితం తీసి ఏదో నింపి, వేలిముద్ర వెయ్యమన్నాడు. ఏం రాసినవని అడిగాను.

“నువ్వు చెప్పిందే రాసిన. గీతలు నేను గీసిన అని. అబద్ధమా?”

“కాదు.”

“మరి ఇగ ఏం పరేషాన్? క్లబ్బుల పర్మనెంట్ చేస్తం నిన్ను.”

పర్మనెంట్ అన్న మాట నాకు తెలుసు. మా గుడిసెల్లో అది దేవుడి పేరులాంటిది. వేలు సిరాలో ముంచాను. వాడు పక్కనే ఊసిన పాన్ మరకను వంగి నేనే తుడిచాను.

సాయంత్రం నీలం వేలు ఆయనకు చూపించాను, దాచలేదు. ఇక ఆ నేల తనదని చెప్పుకోవడానికి వీల్లేకుండా చేశారని ఆయనకు వెంటనే అర్థమైంది. గీసింది నువ్వేలే అమ్మా, అబద్ధమేం కాదు అన్నారు. గీయించింది ఎవరో మాత్రం వాళ్లు అడగలేదు, నువ్వు చెప్పలేదు అన్నారు. కోపంగా అనలేదు, అదే నాకు భరించరానిదైంది. రేపు పొద్దున్నే శేరిలింగంపల్లి వెళ్లి ఫోటో స్టూడియో అతన్ని తీసుకొస్తానని, మూలనున్న తీగెతో సహా మొత్తం ఫోటోలో పడాలని చెప్పి, నేను బయలుదేరుతుంటే గడప దగ్గరినుంచి అన్నారు: “కిటికీ వైపుది కాస్త సాపు చేసి ఉంచమ్మా.”

మర్నాడు ఆయన వెళ్లిన అరగంటకు మేనేజరు వచ్చాడు. ముసలాయన ఫోటోలంటున్నాడట కదా, నేలంతా సాఫ్ చెయ్ అన్నాడు. నేను కదలలేదు. పర్మనెంట్ కావాలా వద్దా అన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు, నా చెయ్యి పట్టి లాగలేదు. కొట్టి ఉంటే ఇవాళ నాకు ఎంత సుఖంగా ఉండేదో. బకెట్టు నింపాను, ఫినాయిలు పోశాను, గోనె ముంచాను. పడవ ముక్కునుంచి మొదలుపెట్టి వెనక్కు నడుస్తూ తుడిచాను. తడి తగలగానే సిమెంటులోంచి కోడిపెంట వాసన లేచి ఫినాయిలుతో కలిసింది. మూలనున్న తీగె దగ్గరికి వచ్చేసరికి ఆగాను. అది నేనేనమ్మా అన్న మాట గుర్తుంది. కాయ దగ్గర మొదలుపెట్టి తుడిచాను.

ఆయన కెమెరా అతన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి నేల ఇంకా ఆరలేదు. అలవాటు చొప్పున గుమ్మంలో చెప్పులు విప్పి, జేబులోంచి మేజోళ్లు తీసి వేసుకుని లోపలికి వచ్చారు. ఆ తడిలో నడిచి నడిమధ్యకు వెళ్లి నిలబడ్డారు. మేజోళ్లు చీలమండల దాకా నల్లబడ్డాయి. ఏమైందమ్మా అని అడిగారు. నేను చెప్పిన జవాబు ఇదిగో, ఇన్నేళ్లూ పెన్నుకు మూత పెట్టించింది ఇదే.

“మీరే గద సారూ, సాఫ్ చెయ్యమన్నరు.”

సాపుకూ సాఫుకూ తేడా అప్పటికి నాకు నా వేళ్లంత బాగా తెలుసు. ఆయనకూ తెలుసు నాకు తెలుసని. నా ముఖం చూశారు, తరువాత నేల చూశారు. అవునమ్మా, మాట నాదే అన్నారు. కెమెరా అతనికి క్షమాపణ చెప్పి పంపించారు. రెండు రోజులకు పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు. పెన్సిలు పొట్టు సీసా మాత్రం కిటికీలో వదిలేశారు.

నేను పర్మనెంట్ అయ్యాను. నాలుగేళ్లు ఆ క్లబ్బులో పాయిఖానాలు కడిగాను, తాగినవాళ్ల వాంతులు ఎత్తాను. అందులో ఒక న్యాయం ఉందనిపించేది గాని ఊరట కలగలేదు. ఒకసారి కార్డు వచ్చింది. కిరాణా కొట్టాయన ఉప్పు తూస్తూ చదివాడు: వడ్రంగులు రాశారు, వీరభద్రం గారు పోయారని. క్లబ్బు మూతపడింది. చెరువులోకి కాలనీల మురుగు దిగి గుర్రపుడెక్క కమ్ముకుంది, ఇప్పుడు దాని మీద దీపాల వంతెన వేసి జనం ఫోటోలు దిగుతున్నారు. శిరీష పాఠం గుడింతాలు, ఒత్తులు, సున్నల దాకా వచ్చిన శుక్రవారం, నా చెయ్యి పలక మీద దానంతట అదే ఆ తీగెను వేసింది. ఆ పిల్ల వంగి చూసి, వీరభద్రం ఎవరమ్మా, మీ ఆయనా అంది. కాయ అనుకున్నది సున్న. కాదని చెప్పి పలక తుడిచాను. తుడవడం నాకు అంత అలవాటు.

ఇప్పటి ఆఫీసుల్లో ఏదీ కంపు కొట్టదు. గంటకొకసారి గోడ మీది డబ్బా దానంతట అదే నిమ్మకాయ వాసన పిచికారీ కొడుతుంది. కోళ్ల షెడ్డులో ముక్కు మూసుకున్న నేను, ఆ పడవ ముందు నిలబడి ఆ నిమ్మకాయ వాసన పీల్చలేక బాత్రూముకు పరుగెత్తాను. అప్పుడు పెంట పెంటలాగే వాసన వేసేది, ఎక్కడ కడగాలో తెలిసేది. ఫలకాన్ని వారానికోసారి చింతపండుతో తోమి మెరిపించమని నా పనుల కాగితంలో రాసి ఉంది. అదీ నేనే చదువుకున్నాను.

మర్నాడు పొద్దున హఫీజ్‌పేట్‌లో ముగ్గుపిండి ప్యాకెట్టు కొనుక్కుని ఆరింటి షిఫ్టుకు వెళ్లాను. పడవ ముందు నల్లరాతి నేల తుడిచి ఆరబెట్టాను. చెప్పులు విప్పాను. మోకాళ్లు సహకరించకపోయినా కూర్చుని, వాళ్లు కోసి పారేసిన రెండో సగాన్ని నేల మీద వేశాను, ముక్కునుంచి వెనకదాకా, ఒక్క చెయ్యితో, ఆపకుండా. ఒక మూల వీరభద్రం అని రాశాను. ఎనిమిదింటికి సూపర్‌వైజర్ రమేష్ మాప్ పట్టుకుని వచ్చాడు. మంచి పిల్లవాడే, నాకు కొడుకంటూ ఉంటే ఆ వయసే ఉండేది.

“ఏంది ఆంటీ గిది? ఇయ్యాల పండుగ గూడ కాదు. క్లయింట్లు వస్తున్నరు, జర సాఫ్ చెయ్.”

“సాపే ఉంది సార్. చూడు, యాడన్న ఉబ్బిందా?”

అతనికి అర్థం కాలేదు. మాప్ నా చేతికి అందించాడు. దాన్ని గోడకు ఆనించి, చెంప నేలకు పెట్టి, ఒక కన్ను మూసి, గీత వెంట చివరిదాకా చూశాను.